గిగాబైట్ గారికి, తరుగు గురించి

మహారాజశ్రీ గిగాబైట్ గారికి,

నమస్కారం. మేమిక్కడ క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు, ఏటేటా ఒళ్ళు చేస్తున్న సంగతి పేపర్లో చూస్తూనే ఉన్నాం.

పోయిన నెల మా చెల్లి పెళ్ళయింది. వీడియో తీసిన కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, మొత్తం 940 జీబీ వచ్చింది. వన్ టీబీ హార్డ్‌డిస్క్ పట్టుకురా, ఎక్కించేస్తా" అన్నాడు. వెయ్యిలో 940 పోతే ఇంకా అరవై మిగులుతుంది కదా, పాత ఫొటోలు కూడా దాంట్లోనే పడేయొచ్చని ఆశపడి కొన్నాను. డబ్బా మీద వేలెడంత అక్షరాలతో 1 టీబీ అనే ఉంది. కంప్యూటర్‌కి తగిలిస్తే స్క్రీన్ మీద 931 జీబీ అని వచ్చింది. కొత్త డిస్కు, సీలు నా చేత్తో నేనే చింపాను.

సరే కానిమ్మన్నాను. ఎదురుకోళ్ళు ఎక్కాయి, జీలకర్ర బెల్లం ఎక్కింది, తలంబ్రాలూ ఎక్కాయి. చివరి ఫోల్డరు అప్పగింతలు. సరిగ్గా అక్కడికొచ్చి చోటు లేదని ఆగిపోయింది. డిస్కు లెక్కన మా చెల్లి ఇంకా పుట్టింట్లోనే ఉంది.

మా బాపు పక్కనే కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. నలభై ఏళ్ళు వడ్లు అమ్మిన మనిషి.

"వెయ్యని కొంటివి కదరా, అరవై తొమ్మిది ఏడబోయినయి?"

"అది అంతే బాపూ, లెక్కలో తేడా."

"ఏమన్నడు? తేమ ఉన్నదన్నడా, తాలున్నదన్నడా?"

నేను మాట్లాడలేదు. పాత క్యాలెండరు చింపి దాని వెనక లెక్కేశాడు. వెయ్యికి అరవై తొమ్మిదంటే నలభై కిలోల బస్తాకు రెండు కిలోల ముప్పావు. పోయిన యాసంగికి మిల్లులో మాకు కోసిన తరుగు బస్తాకు రెండు కిలోలు. కళ్ళజోడు తీసి, "మనోడే నయం" అన్నాడు. మిల్లోడి గురించి ఆయన నోట మంచిమాట వినడం నాకదే మొదలు.

అందుకని తమరి మీద ఫిర్యాదు రాద్దామని కూర్చుని, ముందు తమరి పుట్టుపూర్వోత్తరాలు వాకబు చేశాను. చెప్పొద్దూ, కేసు అనుకున్నంత సులువుగా లేదు.

కంప్యూటర్ మెమరీలో ఒక్కో బైటు (ఒక ఇంగ్లీషు అక్షరమనుకోండి) పట్టే గదులకు నంబర్లుంటాయి. ఆ నంబరు మోసే తీగ ఒక్కటి పెంచితే గదులు రెట్టింపవుతాయి. అలా పది తీగలకు 1024 గదులు. వెయ్యికి దగ్గర్లోనే ఉందని ఇంజినీర్లు దానికి కిలో అని పేరు పెట్టేశారు. వెయ్యి మీద ఇరవై నాలుగు ఎక్కువ. దాన్ని మనం కొసరు అంటాం. ర్యామ్ అనే ఆ మెమరీ చిప్పులు ఈనాటికీ ఆ కొసరు తప్పకుండా ఇస్తున్నాయి. కిలో, మెగా, గిగా అని మెట్టుమెట్టుకీ 1024 రెట్లు. ఒక జీబీ ర్యామ్ కొంటే వంద కోట్లు కాదు, 1,07,37,41,824 బైట్లు వస్తాయి.

డిస్కు వంశం వేరు. అక్కడ రెట్టింపు నియమం లేదు, పళ్ళెం మీద ఎన్ని పడితే అన్ని. 1956లో ఐబీఎమ్ తెచ్చిన ర్యామాక్ డిస్కులో రెండడుగుల వెడల్పు పళ్ళేలు యాభై, బరువు టన్ను పైమాట. దాంట్లో పట్టేది 50 లక్షల అక్షరాలు. చూశారా, 50 లక్షలు, గుండు సున్నాలతో! డిస్కులవాళ్ళు కొసరు ఇస్తామని ఆ రోజూ అనలేదు, ఈ రోజూ అనలేదు. టెరాబైటంటే లక్ష కోట్ల బైట్లు. నేను కొన్న డబ్బాలో లక్ష కోట్లూ ఉన్నాయి. విండోస్ వాటిని 1024 చొప్పున కొలిచి, పక్కన మాత్రం మామూలుగా జీబీ అని రాస్తుంది. ఆ 931 అలా వచ్చిందే. 2009 నుంచి ఆపిల్ కంప్యూటర్లు వెయ్యి చొప్పున కొలుస్తున్నాయి, ఇదే డిస్కు అక్కడ తగిలిస్తే నిండుగా కనిపిస్తుంది. ఇది చెబితే బాపు ఆశ్చర్యపోలేదు. "మిల్లు కాటా వేరు, బయటి కాటా వేరు, గది మాకెర్కే" అన్నాడు.

అన్నిటికంటే ముచ్చటైనది ఫ్లాపీ, పాతకాలం అరచేతి డిస్కు. 1.44 ఎంబీ అని రాసి ఉండేది, మా తరం దాన్ని నమ్మి పెరిగింది. దాంట్లో పట్టేవి 14,74,560 బైట్లు. కొసరు లెక్కన 1.41 రావాలి, డిస్కు లెక్కన 1.47 రావాలి. 1.44 ఏ కాటాలోనూ రాదు. ఒకసారి వెయ్యితో, ఒకసారి 1024తో గుణించి, ఇద్దరినీ నొప్పించకుండా తయారు చేశారు. పెళ్ళిళ్ళ పేరయ్యలే ఇలాంటి లెక్కలు చెబుతారనుకున్నాను.

ఇదంతా పాత గొడవే కదా అంటారేమో, ముదురుతోంది కాబట్టే రాస్తున్నాను. కిలోబైట్ల రోజుల్లో ఈ రెండు కాటాలకీ తేడా నూటికి రెండున్నర లోపు. మెగాకి అయిదు దాకా వచ్చింది, తమరి హయాంలో ఏడయింది, టెరాకి పది. మనిషి ఎంత పెద్ద డిస్కు చేస్తే తరుగు అంత పెరుగుతోంది. 2024లో లేజరుతో చుక్కంత చోటు వేడిచేసి రాసే డిస్కులు 30 టీబీకి చేరాయి. తగిలిస్తే కనిపించేది 27 చిల్లర. ఆ కనిపించని చోట పాత ర్యామాక్‌లు అయిదు లక్షలకు పైగా పడతాయి.

పెద్దమనుషులు పంచాయితీ చెయ్యకపోలేదు. 1998లో ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంఘం 1024 లెక్కకి గిబిబైటు అని వేరే పేరు పెట్టింది. దుకాణానికెళ్ళి "అరకిలో గిబిబైట్లివ్వండి" అన్నట్టుంటుందని కాబోలు, ఎవరూ నోరు తిప్పలేదు. అమెరికాలో కొందరు కోర్టుకెక్కారు కూడా. 2006లో ఒక డిస్కు కంపెనీ, తప్పొప్పుకోకుండానే రాజీకొచ్చి, కొన్నవాళ్ళకు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తామంది. వడ్లు కోసుకుని ఖాళీ గోనెసంచి చేతిలో పెట్టినట్టు.

ఒక్క విషయంలో మాత్రం బాపు తమరిని మెచ్చుకున్నాడు. ఎస్ఎస్‌డీల్లో, అంటే పళ్ళేలు లేని కొత్త రకం డిస్కుల్లో, వాడే చిప్పులు నిజానికి కొసరు లెక్కన తయారవుతాయి. చాలావాటిలో ఆ కొసరు మనకివ్వకుండా లోపలే దాచుకుంటారు. రాసీ రాసీ కొన్ని గదులు అరిగిపోతాయి కాబట్టి, వాటి బదులు వాడటానికి. "ఇత్తనాలకు దాసుకున్నట్టు" అన్నాడు. అది తరుగు కాదట.

ఇక ఫోన్లలో "8 జీబీ ర్యామ్, ఇంకో 8 జీబీ వర్చువల్" అని కలిపి పదహారని రాస్తున్నది చూశాను. ఆ రెండో ఎనిమిదీ ఫోన్ స్టోరేజీలోంచి తీసిన చేబదులు. పక్కింటి ఎడ్లను మన కొట్టంలో కట్టేసి పిల్లనిచ్చేవాళ్ళకి చూపించడమన్నమాట. దాని గురించి విడిగా ఉత్తరం రాస్తాను.

ప్రస్తుతానికి అప్పగింతలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేయించాం. దాని మీద 64 అని ఉంది. ఎంత చూపించిందో తమరికి చెప్పాలా?

ఇట్లు,
తమరి 931 జీబీల ఖాతాదారు

తా.క.: డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే బాపు దాన్ని కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద తూయించి, ఆ క్యాలెండరు కాగితం మీదే రాసిపెట్టుకున్నాడట. పెళ్ళి ఎక్కించాక నిన్న మళ్ళీ తూయించాడు. గ్రాము కూడా తేడా లేదు. ఇంటికొచ్చి, "మరి పొద్దంతా కూసోని ఏం నింపినవురా దీంట్ల?" అని అడిగాడు.