పోస్టల్ ఓటు పోయేది కవర్ పెట్టే టేబుల్ దగ్గరే

సర్పంచ్ ఎలక్షన్‌లో ఒక్క ఓటు విలువ ఊరోళ్ళకి చెప్పక్కర్లేదు. 2021లో ఆంధ్రలో, 2025 డిసెంబర్‌లో తెలంగాణలో ఒక్క ఓటు తేడాతో గెలిచినోళ్ళ వార్తలు వేశాం, సమానంగా వస్తే చీటీ తీసి తేల్చిన ఊళ్ళ సంగతీ రాశాం. అలాంటి ఊరి నుంచి ఎలక్షన్ డ్యూటీకి వేరే మండలం పోయిన టీచరమ్మ ఓటు, పంచాయతీ సెక్రటరీ ఓటు, బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్ ఓటు పోస్టల్ బ్యాలెట్‌గా ఒక్కో కవర్‌లో వస్తాయి. ఆ కవర్‌లో ఏదో ఒక కాగితం తక్కువై ఓటు చెల్లకుండా పోయిందంటే "చదువుకున్నోళ్ళకే ఓటెయ్యడం రాదు" అని నవ్వేస్తారు. మేం ఆ మాట ఒప్పుకోం. వాళ్ళు కవర్ చేతిలోకి తీసుకునేసరికే సగం తప్పు జరిగిపోయి ఉంటోంది.

ఒక మండల ఆఫీసులో ఈ కవర్లు రెడీ చేస్తుంటే దగ్గర కూర్చుని చూశాం. రెండు టేబుళ్ళు కలిపేశారు, కాగితాలు ఎగిరిపోతాయని ఫ్యాన్ ఆపేశారు, చెమటలు కారుతున్నాయి. ఒకపక్క సర్పంచ్‌కి గులాబీ బ్యాలెట్లు, ఇంకోపక్క వార్డు మెంబర్‌కి తెల్ల బ్యాలెట్లు. ఒకాయన అప్లికేషన్ చూసి ఊరు పేరు, వార్డు నెంబరు చదువుతాడు, ఇంకొకామె బ్యాలెట్ తీసి దాని నెంబర్ చిన్న కవర్ మీద చేత్తో రాస్తుంది, డిక్లరేషన్ ఫారం (ఈ ఓటు నాదే అని ఓటరు సంతకం పెట్టే కాగితం) మీద కూడా అదే నెంబర్ రాయాలి, మళ్ళీ రిజిస్టర్‌లో ఎక్కించాలి, తర్వాత ఇవన్నీ పెద్ద కవర్‌లో పెట్టాలి. మధ్యలో ఫోన్ మోగుతుంది, జిల్లా నుంచి ఎవరో లెక్క అడుగుతారు, లేచి మాట్లాడి వచ్చేసరికి ఎక్కడ ఆపామో మళ్ళీ వెతుక్కోవాలి. నెంబర్‌లో ఒక అంకె అటూ ఇటూ అయితే కౌంటింగ్ రోజు కవర్ మీద నెంబర్ ఒకటి, లోపల బ్యాలెట్ నెంబర్ ఇంకోటి. ఓటేసినాయనకి ఆ సంగతి ఎప్పటికీ తెలీదు. రాసినామె తప్పనీ అనలేం, పొద్దున్నుంచి నామినేషన్ల పనీ ఆమే చేస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. పంచాయతీ బ్యాలెట్ మీద అభ్యర్థి పేరుండదు, గుర్తు ఒక్కటే ఉంటుంది. పోటీలో ఎంతమంది ఉంటే అన్ని గుర్తులు, చివర్లో నోటా. విత్‌డ్రాలు అయ్యాక పేర్లతో ప్రింట్ చేసే టైమ్ లేదు కాబట్టి గుర్తులతో ముందే ప్రింట్ చేసి పెట్టుకుంటారు, పేర్లు తెలుగు అక్షరమాల వరసలో పెట్టి గుర్తులు కేటాయిస్తారు. ఊళ్ళో ఉన్నోళ్ళకి దీంతో ఏ ఇబ్బందీ లేదు, ఉంగరం ఎవరిదో కత్తెర ఎవరిదో ఆటోలో మైకు పొద్దస్తమానం చెప్తూనే ఉంటుంది. కానీ యాభై కిలోమీటర్ల అవతల ట్రైనింగ్ క్లాసులో కూర్చున్న టీచర్‌కి ఆ మైకు ఎలా వినిపిస్తుంది? సర్పంచ్ గుర్తు ఎలాగోలా ఫోన్ చేసి కనుక్కుంటారు, వార్డు మెంబర్ గుర్తు ఎవరిని అడగాలి? అడిగితే "ఎవరికేస్తున్నావు" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది, అక్కడే ఓటు రహస్యం పోయింది. అందుకే మేం గట్టిగా అడిగేది ఒక్కటే, పోటీలో ఉన్నవాళ్ళ పేర్లు, పక్కనే గుర్తులు ఉన్న ఒక్క పేజీ లిస్టు ప్రతి పోస్టల్ కవర్‌లో ఉండి తీరాలి. గుర్తులు ఇచ్చిన రోజు రిటర్నింగ్ ఆఫీసర్ (ఆర్వో) ఆఫీసు గోడకి అంటించేది ఆ లిస్టే, దాన్ని జెరాక్స్ తీసి కవర్‌లో పెడితే పని అయిపోతుంది, రూపాయో రెండ్రూపాయలో ఖర్చు.

గుర్తు తప్పు పడితే ఏమవుతుందో హైదరాబాద్‌కి బాగా తెలుసు. 2020 డిసెంబర్ 1న జీహెచ్ఎంసీ పోలింగ్ నాడు ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో సీపీఐ అభ్యర్థి కంకి కొడవలి గుర్తు ఉండాల్సిన చోట సీపీఎం గుర్తు అచ్చయింది, పోలింగ్ ఆపేసి 3వ తేదీన మళ్ళీ పెట్టారు. అది బూత్‌లో కాబట్టి ఏజెంట్లు కూర్చుని ఉన్నారు, చూశారు, అరిచారు. పోస్టల్ కవర్‌లో పోయిన బ్యాలెట్‌కి అరిచే ఏజెంట్ ఎవరు? పక్క వార్డు బ్యాలెట్ పెట్టేసినా, అయిదు గుర్తులది పెట్టాల్సిన చోట నాలుగు గుర్తులది పెట్టేసినా, పేర్ల లిస్టు పక్కన ఉంటేనే ఓటరు పట్టుకోగలడు.

టైమ్ సంగతి చూద్దాం. 2025లో తెలంగాణ మొదటి విడతలో విత్‌డ్రాలు డిసెంబర్ 3న అయ్యాయి, పోలింగ్ 11న. ఈ ఎనిమిది రోజుల్లోనే అప్లికేషన్లు చూడాలి, డ్యూటీ ఆర్డర్ సరిచూడాలి, పంచాయతీ లిస్టులో వార్డు, సీరియల్ నెంబర్ వెతకాలి (ఇది అసెంబ్లీ లిస్టు నెంబర్ కాదు, చాలామంది ఎపిక్ కార్డు, అంటే ఓటరు గుర్తింపు కార్డు పట్టుకుని వచ్చి ఇక్కడే ఆగిపోతారు), కవర్లు కట్టాలి, పంపాలి, ఓటేసి తిరిగి రావాలి. పోలింగ్ మధ్యాహ్నం 1 గంటకి అయిపోయింది, 2 గంటలకే కౌంటింగ్. కౌంటింగ్ మొదలయ్యాక వచ్చిన కవర్ వచ్చినట్టు కాదు. మండలాఫీసులో సెంటర్ పెట్టి అక్కడికక్కడే ఓటేయించుకోవడం మంచి పద్ధతే, కానీ ఆఖరి నిమిషంలో రిజర్వ్‌లోంచి లాగి డ్యూటీ వేసినోళ్ళు ఆ సెంటర్ దాకా ఎప్పుడు రాగలరు? డ్యూటీ ఆర్డర్‌తో పాటే పోస్టల్ బ్యాలెట్ అప్లికేషన్ కూడా చేతిలో పెడితే కనీసం రెండు రోజులు కలిసొస్తాయి.

డిక్లరేషన్ గోల ఇంకోటి. 2024లో ఆంధ్ర అసెంబ్లీ ఎన్నికల్లో పోస్టల్ ఓట్లు 5 లక్షలు దాటాయి, తీరా కౌంటింగ్ ముందు 13ఏ అనే డిక్లరేషన్ ఫారం మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం ఉండి పేరూ హోదా సీలూ లేకపోతే చెల్లుతుందా చెల్లదా అని రచ్చ మొదలై హైకోర్టుకీ అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకీ పోయింది, కోర్టులు జోక్యం చేసుకోలేదు, జూన్ 4న లెక్క జరిగిపోయింది. సంతకం పెట్టే ఆఫీసర్‌ని సెంటర్‌లో కూర్చోబెట్టింది ప్రభుత్వమే, ఆయన సీలు వెయ్యడం మర్చిపోతే శిక్ష ఓటరుకా? సీలు వేశాకే ఫారాలు టేబుల్ మీదకి రావాలి. ఇంకో చిన్న విషయం, ఉద్యోగులకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా సంతకాలు పెట్టడం అలవాటు, ఆ ఊపులో బ్యాలెట్ మీద కూడా పెట్టేస్తారు, అది చెల్లదు. "దీని మీద సంతకం వద్దు" అని చిన్న కవర్ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో వెయ్యండి, నాలుగు పేజీల రూల్స్ కాగితం ఎవరూ చదవరు.

చివరగా మాకు ఎక్కువ భయం కలిగించేది రహస్యం. తెలంగాణలో 12,700కు పైగా పంచాయతీలు, లక్షా 12 వేల వార్డులు. ఒక్కో వార్డుకి వచ్చే పోస్టల్ ఓటు ఒకటో రెండో. ఆ ఒక్క కవర్‌ని విడిగా విప్పి విడిగా లెక్కపెట్టి "పోస్టల్‌లో కత్తెరకి ఒకటి" అని పైకి చదివితే ఆ ఓటు ఎవరిదో ఊరంతా ఆ రాత్రికే తెలిసిపోతుంది. ఆ టీచరమ్మ సంక్రాంతికి అదే ఊరికి వెళ్ళాలి, అదే సర్పంచ్ ఉన్న పంచాయతీ ఆఫీసులో ఇంటి పన్ను రసీదు తీసుకోవాలి. డిక్లరేషన్ చూసి ఓకే అనుకున్నాక చిన్న కవర్‌లోంచి బ్యాలెట్‌ని మడత విప్పకుండా తీసి బాక్సులోని మిగతా ఓట్లతో కలిపేశాకే లెక్కపెట్టాలి, ఏ ఊళ్ళోనూ దీనికి మినహాయింపు ఉండకూడదు, పోలింగ్, కౌంటింగ్ చూసే స్టేజ్-2 ఆర్వోల ట్రైనింగ్‌లో ఇది చేసి చూపించాలి.

ఆంధ్రలో 2021లో ఎన్నికైన పంచాయతీల అయిదేళ్ళ గడువు 2026 వరకే, తెలంగాణలో ఎంపీటీసీ జెడ్పీటీసీల పదవీకాలం 2024 జులైలోనే ముగిసింది. ఈ ఎన్నికలు ఏ నెలలో పెట్టినా రాజ్యాంగంలోని 243కే అధికరణం కింద బాధ్యత రెండు రాష్ట్రాల ఎన్నికల సంఘాలదే. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, కవర్ల మీద అచ్చు వేసే నాలుగు మాటలు ఇప్పుడే రాసుకోవచ్చు, కవర్లు కట్టే టేబుల్‌కి ఇద్దరు మనుషుల్ని వేరే పని చెప్పకుండా ఇప్పుడే కేటాయించొచ్చు, ఒకరు నెంబర్ రాస్తే ఇంకొకరు పైకి చదివి సరిచూసి అప్పుడు గమ్ పెట్టాలి. పేర్ల లిస్టుకి మాత్రం గుర్తులు ఇచ్చే రోజు దాకా ఆగాలి, ఆ సాయంత్రం జెరాక్స్ మెషిన్ పనిచేస్తుందో లేదో ప్రతి ఎంపీడీవో ముందే చూసుకోవాలి.