ఇంకో బస్తా యూరియా దేనికి?

గాలిలో 78 శాతం నైట్రోజనే. అయినా వరి పైరు దాన్ని నేరుగా వాడుకోలేదు. రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకుని ఉంటాయి, వాటిని విడదీయడం మొక్క వల్ల కాదు. పిడుగులు కొంత విడదీస్తాయి. కంది, మినుము, జీలుగ వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా చడీచప్పుడు లేకుండా ఆ పని చేస్తుంది. మిగతాది ఫ్యాక్టరీల్లో జరగాలి. 1909లో జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ అనే రసాయన శాస్త్రవేత్త గాలిలోని నైట్రోజన్‌తో అమ్మోనియా తయారు చేసి చూపించాడు. దానికి 400 డిగ్రీలు దాటిన వేడి, విపరీతమైన పీడనం కావాలి. మన యూరియా పుట్టేది ఆ అమ్మోనియా నుంచే.

అంత కష్టపడి తెచ్చినదాన్ని మనం నిండా నీళ్లున్న మడిలో చల్లేస్తున్నాం. నాకు మండేది ఇక్కడే. సగానికి పైగా పైరుకు అందనే అందదు. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేట్‌గా భూమిలోకి దిగి మనం తాగే బోరు నీళ్లలో చేరుతుంది, ఇంకొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పైకి పోతుంది. కార్బన్ డయాక్సైడ్ కంటే ఆ వాయువు దాదాపు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

పక్క చేను ముదురాకుపచ్చగా, నల్లగా కనిపిస్తే చాలు, టెన్షన్ పడి ఇంకో బస్తా వేస్తారు. ఆ నలుపు చూసి మురిసిపోకండి. నైట్రోజన్ ఎక్కువైన పైరు మెత్తబడి పడిపోతుంది, సుడిదోమ పురుగు, అగ్గితెగులు దానికే ముందు తగులుకుంటాయి. అప్పుడు మందులకు మళ్లీ అప్పు. పైగా మనం వేసే మరో ఎరువు డీఏపీలో కూడా 18 శాతం నైట్రోజన్ ఉందన్న సంగతి లెక్కలోకే రాదు.

రైతును తిట్టడానికి రాయడం లేదు. 45 కిలోల బస్తా 270 రూపాయల లోపే దొరుకుతుంటే, పొటాష్ ఎరువు ధర అందనంత ఎత్తులో ఉంటే, ఎవరైనా యూరియానే కొంటారు. మడిలో నీళ్లు తీసేసి బురద పదునులో చల్లాలని, ఒకటిన్నర, రెండు రోజులాగి నీళ్లు పెట్టాలని, మూడు దఫాలుగా వేయాలని ఎరువుల కొట్టు దగ్గర ఎవరు చెబుతున్నారు? జీలుగ విత్తనాలు అదునుకు ఊళ్లోకి వస్తున్నాయా? ప్రభుత్వం వారూ, యూరియా సబ్సిడీకి పెట్టే డబ్బులో కొంచెం వీటికి పెట్టండి. తొలకరి ముందే విత్తనం ఇవ్వండి, పూతకొచ్చాక పచ్చిరొట్ట ఎరువుగా మడిలో కలియదున్నుకుంటాం.