వారం సెలవుతో తగ్గేదైతే బాగుండేది

వారం రోజులు సెలవు పెట్టి ఎటైనా తిరిగొస్తే బర్నౌట్ (ఎడతెగని పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలిసిపోవడం) తగ్గిపోతుందని ఒక వ్యాసంలో చదివాను. నాకైతే తగ్గలేదండీ. తిరిగొచ్చి లాప్‌టాప్ తెరవగానే మళ్లీ అదే బరువు.

పనిలో ఎప్పుడూ ముందుండేవాళ్లకి ఇది వచ్చిందని ఓ పట్టాన తెలియదు, ఎందుకంటే పని ఆగదు. నేను ఒక్క గడువు కూడా తప్పలేదు. కానీ రెండు లైన్ల మెయిల్‌కి జవాబివ్వడానికి 40 నిమిషాలు పట్టేది. రాసింది చెరిపేసి, మళ్లీ అదే రాసేవాణ్ణి. ఎవరైనా మెచ్చుకుంటే సంతోషం పోయి చిరాకు వచ్చేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని జబ్బుగా కాదు, ఉద్యోగంతో ముడిపడిన స్థితిగా తన జబ్బుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో చేర్చింది. అందులో చెప్పినవి మూడు: నిస్సత్తువ, పని మీద విరక్తి, ఏదీ సరిగా చేయలేకపోతున్నామన్న భావన. నేను మొదటిదొక్కటే చూసుకుని, కంటినిండా నిద్రపోతే చాలనుకున్నాను.

చివరికి పనికొచ్చింది పని తగ్గించుకోవడమే. రెండు ప్రాజెక్టుల్లో ఒకటి వదిలేస్తానని మేనేజర్‌ని అడగడానికి మూడు వారాలు జంకాను (ఆయన ఐదు నిమిషాల్లో ఒప్పుకున్నారు!). అయినా మామూలు మనిషినవడానికి ఏడు నెలలు పట్టింది. నిద్ర, ఆకలి బాగా దెబ్బతిన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని కలవండి. డిప్రెషన్ కూడా పైకి ఇలాగే కనిపించొచ్చు.