ఆ జన్యువు కొత్తది కాదు, మనం పోగొట్టుకున్నది

"ఉప్పు నేలలోనూ పండే సోయా! శాస్త్రవేత్తల అద్భుత సృష్టి!" అనే ఫార్వర్డ్ ఈ వారం నాకు ముగ్గురు పంపారు. ముగ్గురికీ విడివిడిగా జవాబు రాసి రాసి విసుగొచ్చింది. అందుకే మొత్తం ఇక్కడే రాసేస్తున్నా. పోస్టు పెద్దదే, ఓపికుంటే చదవండి.

నా గొడవంతా ఆ "సృష్టి" అన్న మాట దగ్గరే. ఇక్కడ ఎవరూ ఏదీ సృష్టించలేదు. ఉప్పును తట్టుకునే జన్యువు అడవి సోయాలో ఉంది, కొన్ని సాగు రకాల్లోనూ ఉంది. మిగతా చాలా సాగు రకాల్లో అది చెడిపోయింది. ఎక్కడ చెడిందో, ఎలా చెడిందో కూడా తేలిపోయింది. అసలు కథ ఇంత బాగుంటే దాన్ని వదిలేసి అద్భుతం, సృష్టి అని రాస్తారెందుకో!

ఈ కథ ఇప్పటిది కూడా కాదు. కొన్ని సోయా రకాల ఆకుల్లోకి క్లోరైడ్ (ఉప్పులోని ఒక భాగం) విపరీతంగా చేరుతుంది, కొన్నింటిలో చేరదు. ఈ రెండు రకాలనూ సంకరం చేసి, తర్వాతి తరాల్లో ఏ మొక్క ఎటు పోయిందో లెక్కపెట్టిన ఏబెల్ అనే శాస్త్రవేత్త 1969లోనే తేల్చి చెప్పాడు: దీని వెనక ఉన్నది ప్రధానంగా ఒకే ఒక్క బహిర్గత జన్యువు (ఒక్క కాపీ ఉన్నా దాని గుణం బయటపడుతుంది) అని. దానికి ఎన్‌సీఎల్ అని పేరు పెట్టాడు. డీఎన్‌ఏ చదివే యంత్రాలు లేని రోజులవి. మొక్కల్ని పెంచడం, ఆకుల్లో క్లోరైడ్ కొలవడం, లెక్కవేయడం, అంతే. 2004లో ఎస్-100 అనే రకం మీద జరిగిన పనితో అది 3వ క్రోమోజోమ్‌లో ఉందని తెలిసింది. 2014లో ఒక బృందం టీఫెంగ్-8 అనే చైనా సాగు రకం నుంచి, ఇంకో బృందం డబ్ల్యూ05 అనే అడవి సోయా నుంచి జన్యువును పట్టుకున్నాయి. 2016లో మూడో బృందం ఎఫ్‌టీ-అబ్యారా అనే బ్రెజిల్ రకం నుంచి పట్టుకుంది. తీరా చూస్తే ముగ్గురూ పట్టుకున్నది ఒకే జన్యువు! కానీ ఒకరు జీఎమ్‌సాల్ట్3 అన్నారు, ఒకరు జీఎమ్‌సీహెచ్‌ఎక్స్1 అన్నారు, ఇంకొకరు పాత ఎన్‌సీఎల్ పేరే ఉంచారు. కొత్తగా చదివేవాళ్ళు మూడు జన్యువులున్నాయనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకుని, మూడు గళ్ళ పట్టిక ఒకటి గీసుకున్నాను కూడా.

ఇక చెడిపోవడం సంగతి. జన్యుపటంలో, అంటే మొక్క మొత్తం డీఎన్‌ఏలో, ఒకచోటి నుంచి ఇంకోచోటికి నకలు చేసుకుంటూ పోయే డీఎన్‌ఏ ముక్కలుంటాయి. అలాంటిదొకటి, దాదాపు 3,800 అక్షరాల పొడవున్నది, సరిగ్గా ఈ జన్యువు మధ్యలోకి వచ్చి పడింది. ఉత్తరం మధ్యలో ఎవరో ఇంకో ఉత్తరం తెచ్చి అతికించినట్టన్నమాట. కణం అక్కడిదాకా చదివి ఆగిపోతుంది, ప్రొటీన్ సగంలో తెగిపోతుంది. అయితే ఉప్పుకు తట్టుకోలేని ప్రతి రకంలోనూ చెడిపోడానికి కారణం ఇదే ముక్క కాదు. కొన్నిట్లో వేరే చిన్న చిన్న మార్పులున్నాయి. అంటే ఒకే జన్యువు వేర్వేరు సార్లు, వేర్వేరు దారుల్లో చెడింది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఇది: 2010లో సోయా జన్యుపటం మొత్తం మొదటిసారి విడుదల చేసినప్పుడు అందుకు ఎంచుకున్న రకం విలియమ్స్-82. ప్రపంచమంతా సోయా జన్యువుల్ని పోల్చి చూసుకునేది దాంతోనే. ఆ విలియమ్స్-82లో ఈ జన్యువు చెడిన రూపంలో ఉంది! ఒరిజినల్ అనుకుని మనం పెట్టుకున్న కాపీలోనే పేజీ పాడై ఉందన్నమాట. ఆ ఒక్క పటాన్నే నమ్ముకుని కూర్చుంటే అక్కడో పని చేసే జన్యువు ఉండేదన్న సంగతే తెలిసేది కాదు. మిగతా రకాల్ని, అడవి మొక్కల్ని పక్కన పెట్టి చూశారు కాబట్టే దొరికింది.

ఎందుకు చెడనిచ్చాం? ఉప్పు లేని మంచి నేలలో ఈ జన్యువు ఉన్నా లేకున్నా తేడా కనిపించదు. దిగుబడి చూసి, గింజ చూసి, ఎత్తు చూసి ఎంచుకుంటూ పోతే, కనిపించనిది ఎప్పుడు జారిపోయిందో ఎవరికీ తెలియదు. "ఉప్పును తట్టుకోవడానికి మొక్క శక్తి ఖర్చు పెట్టాలి కదా, దిగుబడి తగ్గుతుందేమో" అని కొందరంటారు. సబబైన అనుమానమే. కానీ మిగతా అంతా దాదాపు ఒకేలా ఉండి ఈ జన్యువులో మాత్రమే తేడా ఉన్న జంట రకాల్ని పొలంలో వేసి చూశారు. ఉప్పు నేలలో జన్యువు ఉన్నదే మెరుగు. మామూలు నేలలో దిగుబడి నష్టమేమీ కనిపించలేదు. ఇక దాన్ని వదులుకోవడానికి సాకేముంది?

అది పనిచేసేది వేరులో. నీళ్ళు, ఆహారం మోసే నాళాల పక్క కణాల్లో ఉండి, సోడియం, క్లోరైడ్ ఆకులదాకా పోకుండా చూస్తుంది. ఒక రకం వేరు మీద ఇంకో రకం కాండాన్ని అంటుకట్టి చూసినా, తీర్పు చెప్పేది వేరు భాగమే.

ఇప్పుడు ఫార్వర్డ్ పంపినవాళ్ళకు చేదు మాట. అందులోని "సముద్రపు నీళ్ళతో సోయా" అన్న వాక్యం చదివి నాకు నిజంగా బీపీ పెరిగింది. నేలలోని ఉప్పును విద్యుత్ వాహకతతో, అంటే నేల తడిలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి, కొలుస్తారు. మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటితే చౌడు నేల కిందే లెక్క. సోయా 5 దాకా ఓర్చుకుంటుంది, ఆ పైన ఒక్కో అంకెకు దిగుబడి దాదాపు 20 శాతం చొప్పున పడిపోతుంది. సముద్రపు నీరు సుమారు 50. ఈ జన్యువు ఆ దూరాన్ని దాటించదు. కాస్త ఉప్పెక్కిన నేలలో పంట పూర్తిగా చేజారకుండా ఆపుతుంది, అదే దాని విలువ.

అయినా నా కోపం శాస్త్రవేత్తల మీద కాదు. చెడిన రూపం ఉందో, మంచి రూపం ఉందో ఒక ఆకు ముక్కతో, మామూలు డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోతుంది. మరి నేను చూసిన విత్తన వివరాల్లో పంటకాలం ఉంటుంది, గింజ రంగు ఉంటుంది, పువ్వు రంగు కూడా ఉంటుంది. ఈ ఒక్క సంగతి మాత్రం ఉండదు. పువ్వు రంగు తెలిసి రైతు ఏం చేసుకుంటాడు?

ఇంకో లోటు కూడా ఉంది, దాని గురించి ఏ ఫార్వర్డూ రాయదు. ఉప్పు తగిలిన తొలి రోజుల్లో మొక్క ఎదుగుదల కుంటుపడుతుంది చూడండి, దాన్ని ఈ జన్యువు ఆపలేదు. ఆకుల్లో ఉప్పు పేరుకుని మాడిపోయే దశ నుంచే దాని పని మొదలవుతుంది. మొదటి దెబ్బను కాచేది వేరే ఏదో కావాలి. దాన్ని వెతకాల్సింది కూడా ఎవరూ విత్తడానికి ఇష్టపడని ఆ చిన్న నల్లగింజల అడవి సోయా తీగలోనే అని నా పందెం.