రాత్రి స్కిమ్మర్ ఆపమంటున్న ఆ మెసేజ్‌కు జవాబు

"మెరైన్ ట్యాంకు స్కిమ్మర్ సెట్టింగ్: ఎవరూ చెప్పని ఏడు రహస్యాలు" అన్న వాట్సాప్ మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. స్కిమ్మర్ అంటే ఉప్పునీటి చేపల ట్యాంకులో సన్నని బుడగలు పుట్టించి, వాటికి అంటుకున్న మురికిని నురగగా మెడలాంటి గొట్టం (నెక్) గుండా పైనున్న కప్పులోకి తోసే పరికరం. అనంతపురంలో మా ట్యాంకుల గ్రూపులో ఒకరు పెట్టారు. అది చూసి ఇంకొకరు కర్నూలు మిత్రులకు పంపారు. కడప నుంచి ఒక తమ్ముడు దాన్ని తిరిగి నాకే పంపి, "అన్నా, ఈ రోజు నుంచి ఇట్లే చేస్తాండా" అన్నాడు. ఆ మాట చూశాకే నాకు గుబులు పట్టుకుంది. చదివి వదిలేసే మెసేజ్ కాదిది. ఏడింటిలో రెండు పాటిస్తే ట్యాంకులో జీవాలు చస్తాయి. అందుకే అన్నిటికీ జవాబు చెప్తున్నాను, వరుస నంబర్లలో కాకపోయినా.

ముందు తేలికవి చూద్దాం.

కొత్త స్కిమ్మర్ పెట్టిన రోజే కప్పులోకి నురగ రాకపోతే పీస్ డిఫెక్ట్, వెంటనే వాపసు ఇచ్చేయండి అన్నది మొదటిది. తప్పు. కొత్త అక్రిలిక్‌కు తయారీలో అంటిన జిడ్డు పోయి, లోపలి గోడలకు సన్నని పొర పట్టేదాకా నురగ నిలబడదు. కొన్నింటికి మూడు నాలుగు రోజులు పడుతుంది, కొన్నింటికి రెండు వారాలు. ఇంకొన్ని దీనికి పూర్తిగా తిరగబడి మొదటి రోజంతా పొంగుతూనే ఉంటాయి. రెండూ మామూలే. పెట్టేముందు వెనిగర్ కలిపిన నీళ్ళలో కొన్ని గంటలు నడిపి, బాగా కడిగితే కొంచెం తొందరగా దారికొస్తుంది. షాపువాడితో గొడవ అక్కర్లేదు.

గాలి వాల్వు ఎప్పుడూ ఫుల్‌గా తెరిచి ఉంచాలన్నది రెండోది. దీనితో నాకు పేచీ లేదు. ఇప్పుడొచ్చే స్కిమ్మర్లలో చాలావరకు గాలి పూర్తిగా తెరిచి, నెక్‌లో నీటి మట్టాన్ని అవుట్‌లెట్ పైపుతో సరిచేసుకునేలాగే చేసినవి. కానీ వాల్వు తెరిచి ఉన్నంత మాత్రాన గాలి వస్తున్నట్టు కాదు. గాలి ట్యూబు పంపును కలిసే చోట తుంపర పడి ఎండి, ఉప్పు గడ్డ కడుతుంది. మన సీమ పొడిగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. గాలి ట్యూబు చివరనుండే సైలెన్సర్ దగ్గర చెవి పెట్టండి. రోజూ వినిపించే బుసబుస శబ్దం తగ్గిందంటే ట్యూబు ఊడదీసి, గోరువెచ్చని ఆర్వో నీళ్ళు పోస్తే ఆ గడ్డ కరిగిపోతుంది. నురగ తగ్గిందని నాకు వచ్చే ఫోన్లలో చాలావాటికి మందు ఇదే.

నెక్ కడగొద్దు, మంచి బ్యాక్టీరియా పోతుంది అన్నది ఆరోది. బ్యాక్టీరియా మీ రాళ్ళలో, ఇసుకలో ఉంది. నెక్‌లో ఉన్నది జిడ్డు. వేలితో తుడిచి చూడండి, గోధుమరంగు పూత జారుతూ వస్తుంది. నురగ పైకి పాకకుండా చేసేది ఆ పూతే. మూడు నాలుగు రోజులకోసారి మామూలు నీళ్ళతో కడగండి. సబ్బు తగలనివ్వొద్దు. అంతే.

మూడోది నలుపు గురించి. కప్పులో నీళ్ళు ఎంత నల్లగా ఉంటే స్కిమ్మర్ అంత బాగా పనిచేస్తున్నట్టట, నల్లబడేదాకా మట్టం దించుతూ పొమ్మని సలహా. మట్టం దించితే నురగ ఎక్కువసేపు పైకి పాకుతుంది, దారిలో నీళ్ళు కారిపోతాయి, కప్పులోకి కొద్దిగా, చిక్కగా, నల్లగా పడుతుంది. మట్టం లేపితే పల్చగా, టీ రంగులో, ఎక్కువ పడుతుంది. చిక్కదనం చూసి ఎంత మురికి బయటికి పోయిందో చెప్పలేం. వారానికి అరగ్లాసు నల్లది తీసే స్కిమ్మర్ కన్నా రోజూ గ్లాసుడు టీ రంగుది తీసేది ఎక్కువ పనే చేస్తుండవచ్చు. ట్యాంకులో చేపలు ఎక్కువుండి మేత ఎక్కువ వేసేవాళ్ళు కొంచెం పల్చగా, తక్కువున్నవాళ్ళు కొంచెం చిక్కగా పెట్టుకుంటే చాలు.

ఈ మెసేజ్ రాసినవారు వాల్వు గురించి ఇంత చెప్పి, అసలు సంగతి ఒక్క వాక్యంలో కూడా చెప్పలేదు. సంప్‌లో, అంటే ట్యాంకు కిందుండే చిన్న తొట్టిలో, స్కిమ్మర్ నిలబడిన అరలో నీటి మట్టం మారకూడదు. చాలా మోడళ్ళకు 18 నుంచి 23 సెంటీమీటర్ల లోతు కావాలి, మీ దాని డబ్బా మీద రాసే ఉంటుంది. అడ్డుగోడ లేని సంప్‌లో పెట్టి, ఫ్యాను గాలికి నీళ్ళు ఆవిరవుతుంటే, పొద్దున నీళ్ళు పోసిన వెంటనే స్కిమ్మర్ పొంగుతుంది, సాయంత్రానికి నురగ నెక్ సగం కూడా ఎక్కదు. అప్పుడు మనిషి వాల్వు తిప్పుతాడు. మర్నాడు నీళ్ళు పోశాక మళ్ళీ తిప్పుతాడు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో ఆవిరయ్యే వేగానికి ఇక ఆ మనిషికి తిప్పడమే పని. మట్టం స్థిరంగా ఉన్న అరలో పెట్టండి, లోతు ఎక్కువైతే కింద స్టాండు వేయండి, ఆ తర్వాతే వాల్వు జోలికి వెళ్ళండి. తిప్పినా కొంచెమే తిప్పి, ఒక రోజు ఆగి చూడండి.

మేత వేసిన వెంటనే నురగ కూలిపోతుంది కదా, అప్పుడు అస్సలు ముట్టుకోవద్దు. మేతలోని నూనె వల్ల కూలింది, కొన్ని గంటల్లో అదే లేస్తుంది. ఆ కాస్త ఓపిక లేక మట్టం పెంచి పడుకున్నవాళ్ళ ఇళ్ళలోనే అర్ధరాత్రి స్కిమ్మర్ పాలు పొంగినట్టు పొంగేది. కొబ్బరినూనె రాసుకున్న చేయి ట్యాంకులో పెట్టినా నురగ ఇట్లాగే పడిపోతుంది. ఎపాక్సీతో రాయి అతికించినా, కొన్నిరకాల మందులు, క్లోరిన్ తీసే ద్రావణాలు వేసినా పిచ్చిగా పొంగుతుంది. కారణం పోయేదాకా కప్పు తీసి పక్కన పెట్టడమో, మట్టం బాగా దించడమో చేయాలి.

ఇక ఐదోది, ప్రమాదకరమైన రెండింటిలో చిన్నది. "కప్పు నిండి పొంగినా భయపడకండి, ఎంత పోతే అంత మురికి పోయినట్టు. తగ్గినంత మంచినీళ్ళు పోయండి, బోరు నీళ్ళైనా పరవాలేదు." పొంగి పోయేది ఉప్పునీళ్ళు. దాని బదులు మంచినీళ్ళు పోస్తే ఉప్పు తగ్గుతుంది. లెక్క చూడండి. మొత్తం 300 లీటర్ల సిస్టమ్, ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళు). రాత్రి స్కిమ్మర్ పొంగి 20 లీటర్లు నేల మీదికో బకెట్లోకో పోయాయి. మట్టం తగ్గితే తనంతట తానే మంచినీళ్ళు నింపే ఆటో టాప్‌ఆఫ్ పక్కనున్న 20 లీటర్ల క్యానును ఖాళీ చేసి ఆ లోటు నింపేసింది. పొద్దున లేచేసరికి 35 కాస్తా 32.7. చూడటానికి ట్యాంకు నిండుగానే ఉంటుంది, మట్టం గీత దగ్గరే ఉంటుంది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చుక్క వేసి చూస్తే తప్ప తెలియదు. చేపలు తట్టుకోవచ్చు. రొయ్యలు, నత్తలు, స్టార్‌ఫిష్‌లు అంత తేలిగ్గా తట్టుకోవు. ఆవిరైనదానికి మంచినీళ్ళు, స్కిమ్మర్ తీసినదానికి ఉప్పునీళ్ళు. ఇందులో రహస్యమేమీ లేదు. కప్పు నిండితే పంపును ఆపే ఫ్లోటు స్విచ్ పెట్టుకుంటే ఇంకా నిశ్చింత.

బోరు నీళ్ళ సంగతి వేరే చెప్పాలా? మన జిల్లాల్లో బోరు నీళ్ళ ఫ్లోరైడ్, కాఠిన్యం గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆవిరైపోయేది నీళ్ళు ఒక్కటే. అందులో ఉన్నవన్నీ ట్యాంకులోనే మిగిలి, పోసిన ప్రతిసారీ ఇంకొంచెం పేరుకుంటాయి. ఆర్వో తప్ప వేరే దారి లేదు.

ఇప్పుడు నాలుగోది. నేను ఇదంతా రాయడానికి కారణం ఇదే. యథాతథంగా ఇస్తున్నాను: "రాత్రి చేపలు నిద్రపోతాయి, మేత తినవు, మురికి చేయవు. లైట్లతో పాటు స్కిమ్మర్ కూడా ఆపేయండి. కరెంటు ఆదా, పంపు లైఫ్ డబుల్."

చేపలు నిద్రపోతే ఊపిరి కూడా ఆపేస్తాయా? స్కిమ్మర్ నిమిషానికి లీటర్ల కొద్దీ గాలిని పిండిలాంటి బుడగలుగా చేసి నీళ్ళలో కలుపుతుంది. మురికి తీయడం అది చేసే పనుల్లో ఒకటి. ట్యాంకులోకి ఆక్సిజన్ ఎక్కించి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పంపడంలోనూ పెద్ద భాగం దానిదే. పగలు నాచు, పగడాల్లోని శైవలాలు వెలుతురుకు ఆక్సిజన్ తయారుచేస్తాయి. లైటు ఆరగానే అవి కూడా ఆక్సిజన్ తినేవాళ్ళ జాబితాలో చేరతాయి. చేపలు, రొయ్యలు, రాళ్ళలోని బ్యాక్టీరియా, ఇసుకలో రాత్రిపూట బయటికొచ్చే పురుగులు, అన్నీ పీల్చేవే, ఇచ్చేది ఒక్కటీ ఉండదు. అందుకే ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పడిపోయే పీహెచ్, రెండూ తెల్లవారుజామున అట్టడుగున ఉంటాయి. సాయంత్రం 8.2 ఉన్న పీహెచ్ తెల్లారేసరికి 7.9కి దిగడం స్కిమ్మర్ నడుస్తున్న ట్యాంకుల్లోనే చూస్తాం. సరిగ్గా ఆ గంటల్లోనే దాన్ని ఆపమంటున్నారు!

దీనికి మన ఎండాకాలం కలపండి. 35 పీపీటీ ఉప్పునీళ్ళు 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 30 డిగ్రీలకు అది 6.2 దగ్గరికి పడిపోతుంది. మంచినీళ్ళ ట్యాంకు అయితే 25 డిగ్రీల దగ్గర 8.2 దాకా ఉంటుంది, అందుకే గోల్డ్‌ఫిష్ పెంచిన అనుభవంతో ఇక్కడ లెక్కలు వేయకూడదు. మే నెలలో కర్నూలులోనో కడపలోనో ట్యాంకు నీళ్ళు చల్లబరిచే చిల్లర్ లేని ఇంట్లో రాత్రి పదింటికి నీళ్ళు 30 డిగ్రీలు దాటే ఉంటాయి. వేడికి చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నీళ్ళలో ఉండేది తక్కువ. ఇక ఏసీ వేసుకుని తలుపులు బిగించిన గదిలోనే ట్యాంకు ఉంటే, నలుగురు మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ గదిలోనే తిరుగుతుంటుంది. తెలిసినవాళ్ళు స్కిమ్మర్ గాలి ట్యూబును కిటికీ బయటికి పెడతారు, పీహెచ్ పెరగాలని. ఈ మెసేజ్ స్కిమ్మర్‌నే ఆపేయమంటోంది.

చిహ్నాలు ఎట్లుంటాయో కూడా చెప్తాను, ఎవరైనా ఇప్పటికే పాటిస్తుంటే గుర్తుపడతారని. తెల్లవారుజామున లైటు వేయకుండా టార్చితో చూడండి. చేపలు నీటి పైకొచ్చి నోరు తెరిచి ఉంటాయి, మొప్పలు దడదడ కొట్టుకుంటుంటాయి. ముందు పడిపోయేవి పెద్దవి, చురుగ్గా ఈదేవి, టాంగ్ చేపల్లాంటివి. చిన్న క్లౌన్ ఫిష్‌లు మిగలొచ్చు. అప్పుడు ఇంటివాళ్ళు "పెద్ద చేపకు ఏదో రోగమొచ్చింది" అనుకుని మందు పోస్తారు. మందు పోశాక స్కిమ్మర్ పొంగుతుంది, దాంతో పగలు కూడా ఆపేస్తారు. ఆ జీవాలకు ఇంకేం మిగిలింది?

ఆదా లెక్కకే వద్దాం. ఇంటి ట్యాంకు స్కిమ్మర్ పంపు 20 వాట్లు అనుకోండి. రాత్రి ఎనిమిది గంటలు ఆపితే నెలకు మిగిలేది ఐదు యూనిట్ల లోపు. మన పై శ్లాబులో వేసుకున్నా యాభై రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. యాభై రూపాయల కోసం వేల రూపాయల చేపను, అంతకన్నా ముందు ఒక ప్రాణిని, ఊపిరాడకుండా చేయడమా? పంపు లైఫ్ మాట కూడా అబద్ధమే. ఎడతెగకుండా నడిచే పంపులు ఆపి మళ్ళీ వేసినప్పుడే మొరాయిస్తాయి, నీళ్ళు తోసే రెక్క (ఇంపెల్లర్) చుట్టూ పేరుకున్న సున్నం ఆగినప్పుడు బిగుసుకుంటుంది. రోజూ ఆపడమంటే రోజూ ఆ ప్రమాదం తెచ్చుకోవడమే.

కరెంటు కోత మన చేతిలో లేదు, నిజమే. అప్పుడు చేయగలిగింది చేద్దాం. స్కిమ్మర్‌ను ఇన్వర్టర్ లైను మీద పెట్టండి, 20 వాట్లకు అది అలసిపోదు. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. కోత సమయంలో పై ట్యాంకు నుంచి నీళ్ళు దిగి సంప్ మట్టం పెరుగుతుంది, కరెంటు రాగానే స్కిమ్మర్ ఆ లోతులో మొదలై కప్పులోకి నీళ్ళే కక్కుతుంది. సంప్ నీళ్ళను పైకి పంపే రిటర్న్ పంపు లేచాక కొన్ని నిమిషాలకు స్కిమ్మర్ లేచేలా డిలే టైమర్ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

మిగిలింది ఏడోది. అందులో రెండు వాక్యాలున్నాయి, ఒకటి తప్పు, ఒకటి ఒప్పు.

తప్పు: "మంచి స్కిమ్మర్ ఉంటే నీళ్ళు మార్చక్కర్లేదు." నైట్రేట్‌ను స్కిమ్మర్ తీయదు, అది బుడగకు అంటుకునే సరుకు కాదు. కాల్షియాన్ని, ఆల్కలినిటీని తిరిగి తేలేదు. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కెన్ ఫెల్డ్‌మన్ 2009, 2010 ప్రాంతాల్లో రకరకాల స్కిమ్మర్లను కొలిచి చూపించారు. నీళ్ళలో కొలతకు అందే సేంద్రియ కర్బనంలో అవి తీయగలిగింది సుమారు 20 నుంచి 30 శాతం. ఖరీదైనవి, చవకవి అన్న తేడా కూడా మనం అనుకున్నంత లేదు. మిగతాది ట్యాంకులోనే ఉంటుంది, దానికి నీళ్ళు మార్చాలి, మురికిని పీల్చే బొగ్గు (యాక్టివేటెడ్ కార్బన్) వాడాలి.

ఒప్పు: "చిన్న ట్యాంకుకు స్కిమ్మర్ తప్పనిసరి కాదు." ఇంత కోపంతో రాస్తూ కూడా ఇది ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే నిజం. అరవై డెబ్భై లీటర్ల ట్యాంకు, రెండు క్లౌన్ ఫిష్‌లు, కొద్ది మేత, వారానికి పది శాతం నీళ్ళ మార్పిడి, అంతే అయితే స్కిమ్మర్ కొనమని నేనూ చెప్పను. ఆ డబ్బుతో మంచి రిఫ్రాక్టోమీటర్, ఆర్వో యూనిట్ కొనుక్కోండి. కానీ స్కిమ్మర్ లేనప్పుడు ఆక్సిజన్ పని ఇంకొకటి చేయాలి. నీటి పైభాగం రాత్రంతా అలలుగా కదిలేలా నీళ్ళను కదిపే చిన్న పంపు (పవర్‌హెడ్) మూతి పైకి తిప్పి పెట్టండి, ట్యాంకు మీద గాజుమూత ఉంటే తీసి వల వేయండి.