గుమ్మడికాయకూ నూటికి నూరే

ఏటా మార్చి వచ్చిందంటే ఆ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. ఈసారి ఒకే రోజు ముగ్గురు పంపారు: అనంతపురం డీలర్ ఒకాయన, ప్రొద్దుటూరులో ఉండే పాత సహోద్యోగి, కర్నూలులో ఎంబీఏ చదువుతున్న మా అక్క కొడుకు. "సేల్స్‌లో గెలుపంతా ఆటిట్యూడ్‌లోనే ఉంది" అని దాని సారం. కింద ఐదు ముక్కలు. ఆటిట్యూడ్ అనే మాటలో అక్షరాల లెక్క కూడితే వంద వస్తుందట. బట్టతల వాడికి దువ్వెన అమ్మినవాడే సేల్స్‌మన్ అట. వాన లేదు, మార్కెట్ లేదు అనడం ఓడిపోయేవాళ్ల సాకు. సాకులు వినకుండా టార్గెట్ రాబట్టేవాడే లీడర్. ఐదోసారి వెళ్తే ఎవరైనా కొంటారు. అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో 22 ఏళ్లు విత్తనాలు, పురుగుమందులు, డ్రిప్ పైపులు అమ్మాను, అమ్మించాను. మావాడు "ఇది నిజమేనా మామా?" అని అడిగాడు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ముందు ఆ కూడిక సంగతి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఏకి 1, బీకి 2, అలా జెడ్‌కి 26 వేసుకుంటూ పోతే ఆటిట్యూడ్‌కు 100, హార్డ్‌వర్క్‌కు 98, నాలెడ్జ్‌కు 96 వస్తాయి. నేనూ కూడి చూశాను, నిజమే. పెన్ను చేతిలో ఉంది కదా అని పంప్‌కిన్‌నూ కూడి చూశాను: 16, 21, 13, 16, 11, 9, 14. సరిగ్గా 100. బుధవారాన్ని ఇంగ్లిష్‌లో రాసి కూడినా 100. పాపం, లీడర్‌షిప్‌కు వచ్చింది 97. గుమ్మడికాయ కంటే మూడు మార్కులు తక్కువ. దీని మీద ఇంతకంటే రాయడం దండగ.

దువ్వెన కథకు ట్రైనింగుల్లో చప్పట్లు బాగా పడతాయి. కొన్న బట్టతలాయన ఇంటికెళ్లాక ఏమనుకున్నాడో ఆ కథలో ఎవరూ చెప్పరు. బీమా వాళ్లను అడిగితే చెబుతారు. మార్చి క్లోజింగ్ ఒత్తిడిలో, వాన మీద ఆధారపడ్డ రైతుకు ఏటా కట్టాల్సిన పాలసీ అంటగడతారు. మరుసటేడు పంట పోతుంది, ప్రీమియం కట్టలేడు, పాలసీ ల్యాప్స్ అవుతుంది. ఏజెంటు లెక్కలో మాత్రం అది పోయిన ఏడాది సాధించిన విజయం. అందుకే బీమా కంపెనీలు 13వ నెల పర్సిస్టెన్సీ అని విడిగా ఒక లెక్క తీస్తాయి: చేరినవాళ్లలో రెండో ఏడాది కూడా కట్టినవాళ్లు ఎందరు అని. పాలసీ చేతికొచ్చాక వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేసే ఫ్రీ లుక్ గడువును 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 30 రోజులు చేసింది. మామూలుగా అంతకుముందు 15 రోజులే. దువ్వెనలు కొన్న బట్టతలలు ఎన్ని ఉంటే ఇలాంటి నిబంధన పుడుతుందో ఆలోచించండి.

నాకు నిజంగా కోపం తెప్పించింది వాన మాట. అనంతపురం వైపు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది. రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే ప్రాంతం ఇది. ఖరీఫ్ వేరుశనగ ఎక్కువగా వర్షాధారమే. అదును తప్పితే విత్తనం మూట కదలదు. కాయ చేతికి రాకపోతే మా పైపులే కాదు, బైకులు, బట్టలు, ఫోన్లు కూడా షాపుల్లోనే ఉంటాయి. ఇచ్చిన ఉద్దెర తిరిగి రాదు. ఇది సాకు కాదు, ఇక్కడి వ్యాపారం నడిచే తీరే అంత.

నా కింద ఇద్దరు కుర్రాళ్లు ఉండేవారు. ఒకడిది మైదుకూరు బీటు (అమ్మకాలకు తిరిగే ప్రాంతం), ఇంకొకడిది కల్యాణదుర్గం. మైదుకూరు వైపు కేసీ కాలువ నీళ్లు, వరి. కల్యాణదుర్గం అనంతపురం వైపు, వాన మీదే ఆధారం. ఏటా మైదుకూరు వాడికి ఇన్సెంటివ్, కల్యాణదుర్గం వాడికి రివ్యూ మీటింగులో క్లాసు. ఒక ఏడాది ఇద్దరి బీట్లూ మార్చాం. ఇన్సెంటివ్ బీటుతో పాటే మారింది. మైదుకూరు వాడి ఆటిట్యూడ్ కల్యాణదుర్గం బస్సులో ఏ స్టేజీలో దిగిపోయిందో మరి!

ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికా గణాంకవేత్త తన క్లాసుల్లో దీన్నే ఒక ఆటగా ఆడించేవాడు. పెట్టెలో 4000 పూసలు, వాటిలో 800 ఎర్రవి. 50 గుంటలున్న తెడ్డును పెట్టెలో ముంచి తీయాలి. ఎర్రపూస వస్తే తప్పు కింద లెక్క. తక్కువ వచ్చినవాడిని మెచ్చుకుంటాడు, ఎక్కువ వచ్చినవాడిని అందరి ముందూ మందలిస్తాడు. తర్వాతి వంతులో మెచ్చుకోలు పొందినవాడికే ఎర్రవి ఎక్కువ రావచ్చు. తెడ్డు పట్టినవాడు ఎంత శ్రద్ధగా ముంచినా పెట్టెలో ఎర్రపూసలు తగ్గవు, ఎందుకంటే వాటిని వేసింది వాడు కాదు.

బాగా అమ్మినందుకు నేనూ షీల్డు తీసుకున్నవాణ్నే. ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. 2003లో రాష్ట్రంలో మైక్రో ఇరిగేషన్ (డ్రిప్, తుంపర సేద్యం) ప్రాజెక్టు మొదలైంది. తర్వాత చిన్న, సన్నకారు రైతులకు డ్రిప్ మీద 90 శాతం వరకూ రాయితీ ఇచ్చిన ఏళ్లున్నాయి. అప్పుడు రైతులే నా కోసం షాపులో కాచుకుని కూర్చునేవారు. రాయితీ డబ్బు ఆగినప్పుడు కూడా నేను అదే నవ్వుతో, అదే ఇస్త్రీ చొక్కాతో తిరిగాను, ఆర్డరు పుస్తకంలో గీత పడలేదు. ఆ 90 శాతం ఆటిట్యూడ్‌ది కాదు, ప్రభుత్వానిది.

అలాగని మనిషి తీరుతో పనే లేదని అనను. ఒకే వీధిలో రెండు షాపులుంటే, రైతు రాగానే లేచి మంచినీళ్లిచ్చే ఆయన దగ్గరికే ఎక్కువమంది పోతారు. ఆ తేడా నేను కళ్లారా చూశాను. ఉన్న బేరం ఏ షాపుకు పోవాలన్నది దానితో తేలుతుంది. వాన లేని ఏడు రెండు షాపుల్లోనూ ఈగలే.

ఇక లీడర్. సాకులు వినని మేనేజరు కింద పనిచేశాను. నెలాఖరు రాత్రి పదకొండుకు ఫోన్ చేసి "నంబర్ ఎంత?" అనేవాడు. మేమేం చేసేవాళ్లం? డీలరు కాళ్లావేళ్లా పడి, వచ్చే నెల వెనక్కి తీసుకుంటామని మాటిచ్చి, అక్కర్లేని సరుకు గోడౌనులో దించేవాళ్లం. కంపెనీ బిల్లు ప్రకారం అమ్మకం అయిపోయింది. రైతు ఒక్క డబ్బా కొనలేదు. ఆరు నెలలకు ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సరుకు తిరుగు లారీ ఎక్కేది. అప్పటికి మేనేజరు ప్రమోషన్ మీద వేరే ఊళ్లో ఉండేవాడు. మీటింగులో ఆయన్నందరూ డైనమిక్ లీడర్ అనేవారు, అందులో నేనూ ఒకణ్ని.

మాది చిన్న కథ. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారుకు ఎనిమిది ఉత్పత్తులు అమ్మాలని లక్ష్యం పెట్టుకుంది. ఒత్తిడి తట్టుకోలేని సిబ్బంది జనానికి తెలియకుండా వాళ్ల పేరున ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో బయటపడినప్పుడు అలాంటివి 20 లక్షల దాకా ఉండొచ్చన్నారు, తర్వాత ఆ లెక్క 35 లక్షలకు పెరిగింది. 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 5300 మంది దాకా ఉద్యోగాలు పోయాయి. మొదట తప్పంతా కింది వాళ్లదే అన్నారు. నెల దాటిన కొద్ది రోజులకే, అక్టోబరులో, పై అధికారి జాన్ స్టంఫ్ కూడా దిగిపోవాల్సి వచ్చింది. ఆ 5300 మందికీ ఒకేసారి బుద్ధి చెడిందా, లేక ఆ టార్గెట్టే అలా చేయించిందా? మావాడి ఎంబీఏలో ఈ ప్రశ్న అడిగితే బాగుండు. "ఆటిట్యూడ్ లేదు" అని కుర్రాణ్ని తిట్టడం చాలా తేలిక. కల్యాణదుర్గానికి మైదుకూరు టార్గెట్ వేసిందెవరని అప్పుడు ఎవరూ అడగరు.

మిగిలింది ఐదోసారి. నూటికి ఎనభై అమ్మకాలు ఐదో ఫాలో-అప్ తర్వాతే అవుతాయని మెసేజ్ అంటోంది. ఏ ఏడాది, ఏ ఊళ్లో, ఏ సరుకు గురించి లెక్కపెట్టారో అందులో లేదు. సబ్బు కొనేవాడికీ ట్రాక్టర్ కొనేవాడికీ ఒకే అంకె ఎలా సరిపోతుందో కూడా లేదు. నేనైతే ఉరవకొండలో ఒక డీలరు దగ్గరికి ఒకే జూన్‌లో ఐదుసార్లు పోయాను. ఐదోసారి ఆయన కుర్చీ వేసి టీ తెప్పించాడు. "ఎన్నిసార్లయినా రాప్పా, టీ తాగి పో. ఆర్డరు మాత్రం వాన పడినాక రాసుకుందువులే."