తిండి మానితే ఇన్సులిన్ కూడా మానాలా?

ఈ వారం ఒకే సందేశాన్ని నలుగురు మిత్రులు పంపారు. తీవ్రమైన వైరల్ జ్వరంతో ఆసుపత్రిలో చేరిన మధుమేహులు అన్నం తినకపోతే ఇన్సులిన్ ఆపేయాలట, మాత్రలు కూడా ఆపాలట, ఒకసారి ఇన్సులిన్ మొదలుపెడితే అది జీవితాంతం వదలదట, స్టెరాయిడ్‌కు అసలు ఒప్పుకోకూడదట, కాకరరసం తాగితే చాలట. వాంతులతో నీరసించిన మనిషికి కాకరరసం పట్టించమనే సలహాకు జవాబు అక్కరలేదు.

మొదటి మాట మాత్రం ప్రాణం తీసేది. జబ్బు తీవ్రమైనప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ అనే హార్మోన్లు పెరిగి కాలేయం నుంచి గ్లూకోజు రక్తంలోకి చేరుతుంది, ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుంది. అందువల్ల మెతుకు ముట్టని మనిషికీ చక్కెర 300 దాటవచ్చు. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని టైప్ 1 రోగికి దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఆపితే, కొవ్వు కరగడం వల్ల పుట్టే కీటోన్లనే ఆమ్ల పదార్థాలు పేరుకొని రక్తంలో ఆమ్లత పెరుగుతుంది, వాంతులూ ఆయాసమూ మొదలవుతాయి, ఆ ఆయాసాన్ని ఇంట్లోవాళ్లు వైరస్ వల్ల వచ్చిందనుకొని విలువైన గంటలు పోగొట్టుకుంటారు. భోజనానికి ముందు వేసే డోసును తిండిని బట్టి తగ్గించడం వేరు, మొత్తం ఇన్సులిన్ మానేయడం వేరు. ఈ తేడా తెలియనివారికి పదిమంది ప్రాణాలపై సలహా రాసే ధైర్యం ఎలా వచ్చింది?

అయితే, మాత్రలు కూడా ఆపాలన్న ముక్కలో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. చక్కెరను మూత్రంలో బయటికి పంపే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవారు తిండి తగ్గినప్పుడు వాటిని ఆపవలసిందే, ఎందుకంటే గ్లూకోమీటరులో అంకె పెద్దగా పెరగకుండానే అవి కీటోఅసిడోసిస్, అంటే పైన చెప్పిన కీటోన్ల ఆమ్లత, తేగలవు. ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతింటే మెట్‌ఫార్మిన్ అనే మధుమేహపు మాత్రనూ ఆపుతారు. కానీ ఆ మాత్రల స్థానంలో ఆసుపత్రిలో ఇచ్చేది ఇన్సులినే. సాధారణంగా చక్కెరను 140 నుంచి 180 మధ్య ఉంచాలని చూస్తారు. టైప్ 2 ఉన్నవారిలో చాలామంది కోలుకున్నాక మళ్లీ మాత్రలకే వస్తారు గనుక జీవితాంతం అనే భయానికి ఆధారం లేదు.

ఇక స్టెరాయిడ్. 2020లో బ్రిటన్‌లో రోగులపై జరిగిన ‘రికవరీ’ అనే మందుల పరిశోధనలో, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే మరణాలు తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు జరగలేదు. 2021లో బ్లాక్ ఫంగస్ రోగులతో హైదరాబాదులోని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోవడం మనం చూశాం. అదుపులేని చక్కెర, విచక్షణ లేని స్టెరాయిడ్ వాడకం రెండూ అందుకు దోహదం చేశాయి. దాన్ని చూపించి, ఊపిరి అందని మనిషికి ఆ మందు వద్దనడం ఘోరం. అడగవలసింది చక్కెరను ఎన్నిసార్లు చూస్తున్నారని. ఉదయం ఇచ్చిన స్టెరాయిడ్ ప్రభావం మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు చక్కెరను ఎక్కువగా పెంచుతుంది; పరగడుపు పరీక్ష ఒక్కటే చేస్తే అది కనబడదు.